ఎర్రదీపం చూసి నవ్విన రోజు

మేము తయారుచేసిన పెట్టెకు ఉన్న పని ఒక్కటే. పడిపోయిన మనిషి ఛాతీకి రెండు పట్టీలు అంటించి మీట నొక్కితే, ఆ గుండె ఏ లయలో కొట్టుకుంటోందో అది తనంతట తానే చూసి, కరెంటు దెబ్బ ఇవ్వాలా వద్దా అన్నది తేల్చాలి. ఇవ్వాలంటే ఎర్రదీపం, వద్దంటే పచ్చదీపం. డాక్టరు అందుబాటులో లేని చోట, ఈసీజీ చదవడం రానివాళ్ళ చేతుల్లో పనిచేయాల్సిన యంత్రం కాబట్టి, దానికి ఉండాల్సిన తెలివంతా ముందే మేము పెట్టి పంపాలి. విమానాశ్రయాల్లో గోడలకు వేలాడుతున్న అలాంటి పెట్టెలను మీరు చూసే ఉంటారు. చాలామంది వాటిని మంటలార్పే సామాను అనుకుని పక్కనుంచి వెళ్ళిపోతారు.

తొంభైల మధ్యలో హైదరాబాదులోని మా చిన్న కంపెనీ అలాంటిదాన్ని సొంతంగా చేయాలని పూనుకుంది. నేను అందులో ఎలక్ట్రానిక్స్ ఇంజినీరును. సొంతూరు వరంగల్. ఆ పెట్టెకు గుండె లయలు గుర్తుపట్టడం నేర్పిన నలుగురైదుగురిలో నేనొకదాన్ని.

ఇలాంటి యంత్రం రెండు రకాలుగా తప్పు చేయగలదు. గుండె కింది గదులు కొట్టుకోవడం మాని ఊరికే వణుకుతున్నప్పుడు, దాన్ని పోల్చుకోలేక పచ్చదీపం వెలిగించవచ్చు. అప్పుడు బతకాల్సిన మనిషి చచ్చిపోతాడు. లేదా బాగానే ఉన్న గుండెను చూసి ఎర్రదీపం వెలిగించవచ్చు. అప్పుడు బతికున్న మనిషికి దెబ్బ పడుతుంది. ఒక తప్పు తగ్గించబోతే రెండోది పెరుగుతుంది. మా రోజులన్నీ ఈ రెండింటి మధ్యే గడిచేవి.

పెద్ద ఆసుపత్రులనుంచి తెచ్చుకున్న గుండె రికార్డుల టేపులు పెట్టెకు వినిపించి, అది చెప్పినదాన్ని డాక్టర్లు చెప్పినదానితో పోల్చి చూసేవాళ్ళం. టేపుల మీద మా పెట్టె మంచి మార్కులతోనే పాసైంది. కానీ టేపులోని గుండెకు చలి వేయదు. దాని పక్కన ఫ్యాను తిరగదు, కరెంటు ఎక్కువా తక్కువా కాదు, అది గతుకుల రోడ్డు మీద ప్రయాణం చేయదు. అందుకని నిజమైన దవాఖానలో, నిజమైన మనుషుల మీద పరీక్షించాలని మా విభాగాధిపతి పట్టుబట్టారు. హైదరాబాదులో ఎవరూ ఒప్పుకోలేదు. సిద్దిపేట ప్రభుత్వ దవాఖానలో గుండె జబ్బులు బాగా తెలిసిన ఒక ఫిజీషియన్ ఉండేవారు. ఆయన ఒక్కరే సరేనన్నారు. అలా నేను ఒక పెట్టె, ఒక సూట్‌కేసుతో సిద్దిపేట బస్సెక్కాను.

బయలుదేరే ముందు పెట్టెలోంచి కరెంటును నిలవచేసే భాగాన్ని పూర్తిగా తీసేశాం. అది పరీక్షల నియమం. రోగుల మీద పెట్టేది దాని తీర్పు వినడానికే తప్ప దెబ్బ కొట్టించడానికి కాదు. కాబట్టి మా పెట్టె చూస్తుంది, దీపం వెలిగిస్తుంది, కాగితం మీద గుండె గీత గీస్తుంది. అంతే. ఆ భాగాన్ని విప్పి హైదరాబాదులో నా బల్ల సొరుగులో పెట్టింది నేనే. ఆ పని సరైనదేనని ఇప్పటికీ అంటాను.

దవాఖానలో నా పని ముగ్గురితో. డాక్టరుగారు కరీంనగర్ వైపు మనిషి. తక్కువ మాట్లాడేవారు, రోగి నాడి పట్టుకుంటే అసలే మాట్లాడేవారు కాదు. వార్డు చూసే సిస్టర్ సిద్దిపేటలోనే పుట్టిపెరిగింది. ఆమె గొంతు వార్డు ఈ చివర మొదలైతే ఆ చివర మంచం మీది రోగి లేచి కూర్చునేవాడు. మూడో మనిషి అంబులెన్సు డ్రైవరు. యాభై దాటిన మనిషి, నిండు విగ్రహం, జేబులో ఎప్పుడూ బీడీల కట్ట. ఇంట్లో దక్కనీ ఉర్దూ, దవాఖానలో తెలుగు. డాక్టరుగారితో సహా అందరూ ఆయన్ని చాచా అనేవారు. నేనూ అలాగే పిలిచాను. ఆయన మొదటిరోజే నన్ను బేటీ చేసుకున్నాడు. కిరాయి గది వెతికిపెట్టిందీ, అందులోకి నా సామాను మోసిందీ ఆయనే. శుక్రవారం వచ్చిందంటే వాళ్ళింటినుంచి బగారన్నం డబ్బా వచ్చేది.

పెట్టె అంటే మాత్రం చాచాకు మొదటినుంచీ నమ్మకం లేదు. దానికి తగ్గట్టే అది ప్రవర్తించింది.

ఒక మధ్యాహ్నం చలిజ్వరంతో వచ్చిన ఒకామె మంచం మీద కూర్చుని టీ తాగుతోంది. బీడీలు చుట్టే మనిషి. ఒళ్ళంతా దుప్పటి కప్పుకున్నా వణుకు ఆగడం లేదు. ఆమె ఒప్పుకుంటే పట్టీలు అంటించి మీట నొక్కాను. పెట్టె కాసేపు ఆలోచించి ఎర్రదీపం వెలిగించింది.

ఆమె టీ గ్లాసు దించి అడిగింది. "ఏంది బిడ్డా, గా దీపం ఎర్రగైంది?"

"ఏం లేదవ్వా, నువ్వు ఛాయ్ తాగు" అంది సిస్టర్, నవ్వు ఆపుకుంటూ.

డాక్టరుగారు కాగితం చూసి తల ఊపారు. "ఒళ్ళు వణుకుతుంటే గుండె వణుకుతుందనుకున్నది మీ మిషన్."

కిటికీ బయట నిలబడి ఇదంతా చూస్తున్న చాచా లోపలికి తల పెట్టాడు. "ఛాయ్ తాగేటోళ్ళకు షాక్ కొడ్తదా ఇది! జూటా డబ్బా బేటీ ఇది, పక్కా జూటా డబ్బా."

అబద్ధాల పెట్టె అన్న ఆ పేరు దవాఖానంతా పాకింది. నేను వార్డులోకి వస్తుంటే స్వీపర్లు కూడా "జూటా డబ్బా మేడం వచ్చింది" అనేవారు. నాకు కోపం వచ్చేది కాదు. వాళ్ళు అన్నది తప్పు కాదుగదా. నేను రోజూ సాయంత్రం ఆ తప్పులను పట్టుకుని కూర్చునేదాన్ని. మరీ ప్రమాదకరమైన తప్పు, అంటే చావబోయే గుండెను వదిలేయడం, అది మాత్రం ఒక్కసారి కూడా చేయలేదు. మా పెట్టె పిరికిది. అనుమానం వస్తే చాలు, ఎర్రదీపం వెలిగించేది.

ఇక మిగిలింది రోడ్డు. కదిలే అంబులెన్సులో ఆరోగ్యంగా ఉన్న మనిషిని పడుకోబెట్టి పెట్టె ఏమంటుందో చూడాలి. దీనికి నియమం చాలా సులువుగా రాసుకున్నాం: పడుకున్నది ఆరోగ్యవంతులు, కాబట్టి పచ్చదీపం రావాలి. ఎర్రది వస్తే పెట్టె తప్పు చేసినట్టు. పడుకోవడానికి సిస్టర్ ముందుకొచ్చింది. "గీ వంకన జరసేపు నడుం వాలుస్త" అంది.

ఆ పొద్దున హుస్నాబాద్ రోడ్డు పట్టాం. డాక్టరుగారు ఓపీలో ఉండిపోయారు. చాచా ముందు, నేనూ సిస్టరూ వెనక. ఊరు దాటగానే రోడ్డు చెడిపోయి ఉంది. పెట్టెకు కావలసింది కూడా అదే. సిస్టర్ స్ట్రెచర్ మీద పడుకుని కప్పుకేసి చూస్తూ తన ఆడబిడ్డ గురించి ఏదో చెబుతోంది. బండి గుంతలో పడ్డప్పుడల్లా ఎర్రదీపం. మంచి రోడ్డు రాగానే పచ్చదీపం. మళ్ళీ గుంత, మళ్ళీ ఎర్ర. ఎర్రది వెలిగినప్పుడల్లా నేను గట్టిగా చెప్పాలి, ముందునుంచి చాచా "ఖతమ్!" అని అరవాలి. అదొక ఆటైపోయింది.

కొంతదూరం పోయాక చాచా బండి పక్కకు తీసి ఒక పత్తి చేను అంచున ఆపాడు. ఇంజను కట్టేశాడు. దిగి వెనక తలుపు తెరిచి, మెట్టు మీద కూర్చున్నాడు. ఛాతీ రుద్దుకుంటున్నాడు.

"ఏమైంది చాచా?" అన్నాను.

"గ్యాసు బేటీ. పొద్దుగాల మిర్చి తిన్న. గప్పటికెల్లి గిట్లనే ఉంది."

చెమట పట్టి ఉంది. కానీ అక్టోబరు ఎండ, పైగా అంతసేపు స్టీరింగు తిప్పిన మనిషి. సిస్టర్ ఫ్లాస్కులోంచి టీ పోసి ఇచ్చింది. రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు.

"సిస్టర్, నువ్వు దిగు. నేను పండుకుంట జరసేపు. నా గుండె మీద గూడ పెట్టుండ్రి. సూద్దాం, గీ జూటా డబ్బా నన్నేమంటదో."

సిస్టర్ లేచింది, చాచా చొక్కా గుండీలు విప్పి పడుకున్నాడు. బండి ఆగి ఉంది, ఇంజను కట్టేసి ఉంది. పట్టీలు అంటించి మీట నొక్కాను. కదలికేమీ లేదు కాబట్టి పచ్చదీపం వస్తుందని, ఆ ఒక్కటైనా లెక్కలో మంచిగా పడుతుందని అనుకున్నాను.

ఎర్రదీపం వెలిగింది.

సిస్టర్ ఒక్కసారిగా నవ్వింది. "ఏం చాచా, సచ్చిపోయినవా?"

"ఆఁ, సచ్చిపోయిన" అన్నాడు చాచా, కళ్ళు మూసుకుని, నాలుక బయటపెట్టి. "మా ఇంటికి ఖబర్ జేయుండ్రి."

ముగ్గురం నవ్వాం. నాకైతే నవ్వుతో కళ్ళలో నీళ్ళొచ్చాయి. పట్టీ సరిగా అంటలేదేమో అనుకుని దాన్ని గట్టిగా అదిమి మళ్ళీ మీట నొక్కాను. మళ్ళీ ఎర్రదీపం.

అప్పుడు కాగితం వైపు చూశాను. గుంతల్లో వచ్చే పిచ్చిగీతలు కావవి. వెడల్పాటి అలలు, ఒకదాని వెంట ఒకటి, దువ్వెన పళ్ళంత క్రమంగా, చాలా వేగంగా. అలాంటి గీతను టేపుల మీద ఎన్నోసార్లు చూశాను. కింది గదులు పగ్గాలు తెంపుకుని వాటంతట అవే పరుగెత్తే లయ. టేపు మీద చూసినప్పుడు అది నాకు ఒక లెక్క. ఇప్పుడు అది చాచా ఛాతీలోంచి వస్తోంది. నా బుర్ర ఆ రెండింటినీ కలపడానికి ఒప్పుకోలేదు. మనిషి నవ్వుతున్నాడు కదా, తీగల్లో ఏదో తేడా ఉండాలి అనుకుంటూనే ఉన్నాను.

"సిస్టర్, ఒకసారి నాడి చూడు" అన్నాను.

సిస్టర్ నవ్వుతూనే మణికట్టు పట్టుకుంది. ఆమె ముఖంలోంచి నవ్వు ఎలా పోయిందో చూశాను. ఎవరో చేత్తో తుడిచేసినట్టు పోయింది.

"చాచా, నీకెట్లుంది?"

"జర కండ్లు తిర్గుతున్నయ్. మిర్చి తినొద్దనుకున్న, మా ఇంటామె వద్దన్నది గూడ, అయినా—"

మాట అక్కడే ఆగిపోయింది. ఏదో గుర్తుతెచ్చుకుంటున్నవాడిలా కళ్ళు కప్పు మీద నిలిచాయి, గొంతులోంచి గురక లాంటి చప్పుడు వచ్చింది. ఆయన చెయ్యి సిస్టర్ చేతిలోంచి జారి స్ట్రెచర్ పక్కకు వేలాడింది. కాగితం మీద అలలు చెదిరిపోయి వణుకుడు గీత మొదలైంది.

నేను ఆ కాగితాన్నే చూస్తూ నిలబడిపోయాను. ఎంతసేపో చెప్పలేను. కొద్ది క్షణాలే అయ్యుండాలి. చెవుల్లో హోరు తప్ప ఏమీ వినిపించలేదు. సిస్టర్ పిడికిలి బిగించి చాచా ఛాతీ నడుమ ఒక్క గుద్దు గుద్దడం కనిపించింది, ఆ చప్పుడు మాత్రం వినిపించలేదు. గీత మారలేదు. ఆమె స్ట్రెచర్ పక్కన మోకాళ్ళు ఆనించి, రెండు చేతులూ కలిపి ఛాతీని నొక్కడం మొదలుపెట్టింది.

"మేడం!" అని ఆమె అరిచిన అరుపుతో నాకు చెవులు వచ్చాయి. "గట్ల చూస్తవేంది? బండి నడపాలె!"

బండి నడపాలి. ఎవరు? నడపడం వచ్చిన ఒకే ఒక్క మనిషి స్ట్రెచర్ మీద ఉన్నాడు. నేను సైకిల్ తప్ప ఏదీ నడపలేదు. సిస్టర్ అదీ నడపలేదు.

రోడ్డు మీదికి దూకాను. రెండువైపులా పత్తి చేలు, ఎండ. హుస్నాబాద్ వైపునుంచి ఒక ఆర్టీసీ బస్సు వస్తోంది. రోడ్డు నడుమకు పోయి చేతులు చాపి నిలబడ్డాను. బస్సు నాకు చాలా దగ్గరగా వచ్చి ఆగింది. డ్రైవరు తిట్టడానికి తల బయటపెట్టి, నా ముఖం చూసి ఆగిపోయాడు.

"ఏమైందమ్మా?"

"డ్రైవర్... డ్రైవర్ లేడు" అన్నాను.

"అంబులెన్సు ఉంది గదా. డ్రైవర్ యాడికి వోయిండు?"

"లోపల. పడిపోయింది ఆయనే."

అతను ఇంకొక మాట అడగలేదు. ఇంజను కట్టేసి కిందికి దూకాడు. కండక్టరు వెనకనుంచి పరుగెత్తుకొచ్చాడు. "అన్నా, మరి బస్సు?"

"బస్సు యాడికి వోతది? గీడనే ఉంటది. నేనొస్తనని జనానికి జెప్పు."

కిటికీలోంచి ఒక ముసలాయన అరిచాడు. "నువ్వు పో కొడకా, మేం కూసుంటం!"

నేను వెనక ఎక్కేలోపే బండి కదిలింది. సిస్టర్ నొక్కుతూనే ఉంది. ఆమె ముక్కు చివరనుంచి చెమట చాచా మెడ మీద పడుతోంది. నేను గాలి ఊదే రబ్బరు సంచిని చాచా నోటిమీద అదిమిపట్టి, ఆమె చెప్పినప్పుడల్లా పిసికాను. బండి పోతున్న పోకడకు ఇద్దరం అటూ ఇటూ పడుతున్నాం. హారన్ ఆగడం లేదు.

పెట్టె ఇంకా ఆయనకే తగిలించి ఉంది. దాన్ని ఆపాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు. అది తన పని తాను చేసుకుపోతోంది. కాసేపు చూస్తుంది, బీప్ అంటుంది, ఎర్రదీపం. మళ్ళీ చూస్తుంది, మళ్ళీ ఎర్రదీపం. దెబ్బ ఇవ్వండి, దెబ్బ ఇవ్వండి అని అది చెబుతూనే ఉంది. అన్ని నెలల్లో ఎన్నడూ అంత సరిగ్గా చెప్పలేదు. ఇవ్వాల్సిన దెబ్బేమో హైదరాబాదులో నా సొరుగులో ఉంది. ఆ సొరుగు, దాని ఇత్తడి పిడి, పక్కనే నేను మరిచిపోయి వచ్చిన గొడుగు, అన్నీ కళ్ళకు కట్టినట్టు కనిపించాయి. అలాంటి వేళ మనిషి మెదడు ఏమేం చూపిస్తుందో!

దవాఖాన గేటులోకి బండి దూసుకుపోయింది. స్ట్రెచర్ వార్డులోకి ఎలా చేరిందో, ఎవరెవరు పట్టారో గుర్తులేదు. డాక్టరుగారు ఓపీలోంచి పరుగెత్తుకొచ్చారు. ఆయన పరుగెత్తడం అంతకుముందు ఎవరూ చూడలేదు. వార్డు మూలన కరెంటు దెబ్బ కొట్టే పాత డీఫిబ్రిలేటర్ ఒకటి ఉండేది. ఇస్త్రీపెట్టెల్లాంటి రెండు పిడులు, బీరువా అంత బరువు, తెలివంటూ ఏమీ లేని యంత్రం. లయ ఏమిటో డాక్టరే చూసి, డాక్టరే కొట్టాలి.

"జరుగుండ్రి."

చాచా ఒళ్ళు మంచం మీద ఎగిరిపడింది. గీత వణుకుతూనే ఉంది. సిస్టర్ మళ్ళీ నొక్కింది. యంత్రం మళ్ళీ నిండేదాకా దాని ఈల లాంటి మోత ఒక్కటే వార్డులో వినిపించింది. పక్క మంచాల రోగులు లేచి నిలబడ్డారు.

"జరుగుండ్రి."

ఈసారి గీత మొత్తం చదునైపోయింది. అయిపోయింది అనుకున్నాను. నిజంగా అయిపోయిందనే అనుకున్నాను. అప్పుడు గుండె ఒక్కసారి కొట్టుకుంది. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఇంకోసారి. ఆ తర్వాత, పాత గోడగడియారం ఊపందుకున్నట్టు, వరసగా.

డాక్టరుగారు నాడి పట్టుకుని తల దించుకుని నిలబడ్డారు. ఆయన భుజాలు దిగడం చూశాకే నాకు ఊపిరి ఆడింది. అప్పుడు కాలు మండుతుంటే కిందికి చూసుకున్నాను. ఒక చెప్పు లేదు. హుస్నాబాద్ రోడ్డు మీదే ఎక్కడో పోయింది. చేతిలో మాత్రం ఆ రబ్బరు సంచి ఇంకా పిసుకుతూనే ఉన్నాను.

బస్సు డ్రైవరు వార్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. "ఉన్నడా?" అన్నాడు. ఉన్నాడన్నాను. "మంచిది" అని, అటుపోయే ఆటో ఏదో ఎక్కి తన బస్సు కోసం వెళ్ళిపోయాడు. పేరు అడగాలన్న తెలివి కూడా లేకపోయింది. ప్రయాణికుల్లో ఒక్కరు కూడా వేరే బండి ఎక్కకుండా అక్కడే కూర్చున్నారని ఆ తర్వాత కండక్టరు చెప్పాడు.

ఆ సాయంత్రం సిస్టర్, నేను వరండా మెట్ల మీద కూర్చున్నాం. వార్డును ఒక్క గొంతుతో నడిపే మనిషి గొంతు తగ్గిపోయింది. తన అరచేతులు చూసుకుంటూ అంది.

"సచ్చిపోయినవా అని అడిగిన మేడం. నవ్వుకుంట అడిగిన."

"నేనూ నవ్విన సిస్టర్."

"ఆయన గూడ నవ్విండు గదా" అంది. ఆ మాటతోనే ఏడుపు అందుకుంది.

చాచాకు అంతకుముందే ఎప్పుడో ఒక గుండెపోటు వచ్చిపోయిందని, దాన్నీ గ్యాసు అనుకునే గడిపేశాడని తర్వాత తేలింది. కొన్నాళ్ళు హైదరాబాదులో వైద్యం చేయించి తిరిగి తీసుకొచ్చారు. బండి నడపొద్దన్నారు. దవాఖానలోనే ఓపీ చీటీలు ఇచ్చే పని ఇచ్చారు.

ఇప్పుడు మా కంపెనీలో జరిగింది చెప్పాలి. మీలో ఎవరైనా యంత్రాలను పరీక్షించే ఉద్యోగం చేస్తుంటే, ఈ భాగం మీకోసమే.

పరీక్షల ఫలితాలు చూడటానికి హైదరాబాదులో సమావేశం పెట్టారు. చాచా రికార్డు దగ్గరికి రాగానే మా విభాగాధిపతి కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడమ్మా, రోడ్డు పరీక్షలో పడుకున్నవాళ్ళంతా ఆరోగ్యవంతులని మనమే రాసుకున్నాం. పచ్చ రావాలి, ఎర్ర వచ్చింది. నియమం ప్రకారం అయితే ఇది పెట్టె తప్పుల్లో పడుతుంది."

చాచా కళ్ళు కప్పు మీద నిలిచిపోవడం నేను చూశాను. అది తప్పుల లెక్కలో పడుతుందా? కుర్ర ఇంజినీరు ఒకడు, అలా కాదు, అసలు దీన్నే పెద్దగా చాటుకోవాలి అన్నాడు. పక్కనే ఉన్న నర్సు, ఇంజినీరు కనిపెట్టలేనిది మన పెట్టె కనిపెట్టింది అన్నాడు. ఇంకొకరు, ఈ గొడవెందుకు, దీన్ని లెక్కలోంచే తీసేద్దామన్నారు.

డాక్టరుగారు సిద్దిపేటనుంచి బస్సులో వచ్చి ఆ సమావేశంలో కూర్చున్నారు. చాచా గుండె గీసిన కాగితాన్ని బల్ల నడుమ పరిచారు.

"యంత్రం చెప్పింది కరెక్ట్. ఈ గీత చూసి ఇంకోటి చెప్పే డాక్టర్ ఉంటే నా ముందు నిలబెట్టుండ్రి."

కుర్ర ఇంజినీరు బల్ల మీద చరిచాడు. అందరి ముఖాలూ వెలిగాయి.

"ఆగుండ్రి, అప్పుడే సంతోషపడకుండ్రి" అన్నారాయన. "మొదటి ఎర్రదీపం వెలిగినప్పుడు ఆ మనిషికి నాడి ఉన్నది. మాట్లాడుతున్నడు, నవ్వుతున్నడు. ఈమె ఆ కరెంటు భాగం తియ్యకుంటే, ఆ నవ్వే మనిషి మీద మీ డబ్బా దెబ్బ కొడుతుండె. ఆ దెబ్బ ఆయన్ని బాగు చేస్తుండెనో, అక్కడికక్కడే చంపుతుండెనో నేను చెప్పలేను. రెండు నిమిషాలు తిరగకముందే అదే దెబ్బ లేక చావబోయిండు. ఇప్పుడు చెప్పుండ్రి, ఏ లెక్కల రాస్తరు?"

ఫ్యాను కింద ఆ కాగితం అంచులు లేస్తూ ఉంటే మా విభాగాధిపతి దాని మీద కళ్ళద్దాలు బరువు పెట్టారు. నాకు రోడ్డు మీద కలిగిన దిగ్భ్రాంతి మళ్ళీ వచ్చింది. యంత్రం ఒప్పు చెప్పింది. ఆ ఒప్పే ఒక మనిషిని చంపగలదు. యంత్రం చేతులు కట్టేశాం. అదీ ఒప్పే. అదీ అదే మనిషిని చంపగలదు. నేను చదివిన చదువులో తప్పులకు లెక్క ఉంది, ఇలాంటి ఒప్పులకు లేదు.

చివరికి దాన్ని ఒప్పుల్లోనే రాశాం, పక్కన జరిగిందంతా వివరంగా పెట్టి. ఆరోగ్యవంతులని మనం అనుకునేవాళ్ళను కూడా ముందు డాక్టరు చూడాలన్న నియమం చేర్చాం. పెట్టె మూత మీద అంటించే సూచనల్లో అన్నిటికంటే ముందు ఒక వాక్యం పెట్టించారు మా విభాగాధిపతి: మనిషిని గట్టిగా పిలవండి, పలికితే ఈ పెట్టె తగిలించకండి.

ఆ పెట్టె ఎన్నడూ బజారుకు రాలేదు. కొంతకాలానికి విదేశాలనుంచి తేలికైన, తెలివైన పెట్టెలు వచ్చాయి, మా విభాగం మూతపడింది. నేను తర్వాత బీపీ యంత్రాలు, ఇంక్యుబేటర్లు చూసుకుంటూ ఉద్యోగం ముగించాను. బీపీ యంత్రాలు మనిషిని అంత భయపెట్టవు.

సిద్దిపేట పని పూర్తయి సామాను సర్దుకున్న రోజు చాచా ఇంటికి పోయాను. ఆయన బాగా చిక్కిపోయాడు. బీడీలు మానిపించారు, ఆ చేతులకు ఏం చేయాలో తెలియక దువ్వెన పట్టుకుని తిప్పుతున్నాడు. నన్ను చూడగానే "ఆవో బేటీ!" అని లేవబోతే కూర్చోబెట్టాను. కాసేపటికి పక్కింటి వాళ్ళెవరో పలకరించడానికి వస్తే ఆయన వాళ్ళతో లోపల మాటల్లో పడ్డాడు. ఆయన భార్య నన్ను వాకిట్లోకి తీసుకొచ్చి మంచం మీద కూర్చోబెట్టి, టీ చేతికిచ్చి, తనూ పక్కన కూర్చుంది.

"బేటీ, ఒక మాట అడుగుత, ఏమనుకోకు. గా డబ్బాకు ముందుగాలనే తెల్సిందట గదా. ఈయన మాట్లాడంగనే తెల్సిందట. నీకు తెల్వకపాయె, సిస్టరుకు తెల్వకపాయె, ఆయనది ఆయనకే తెల్వకపాయె. గదెట్ల?"

ఏ సమావేశంలోనూ నన్ను ఎవరూ అంత సూటిగా అడగలేదు.

"దానికి మనిషి కనవడడు చాచీ" అన్నాను. "గుండె ఒక్కటే కనవడ్తది. మేం మనిషిని చూసినం. నవ్వుతున్నడు గదా, మంచిగనే ఉన్నడనుకున్నం."

ఆమె కొంగుతో టీ గిన్నె పట్టుకుని అలాగే కూర్చుంది.

"నేను గూడ గంతే బేటీ. నిఖా అయిన కాడికెల్లి గంతే. నవ్వుతున్నడు గదా అనుకునేదాన్ని. గా పొద్దుగాల ఛాతి రుద్దుకున్నడు. ఏమైందంటే నవ్విండు, పోయిండు. ఇప్పుడు ఆయన నవ్వితే నాకు భయమైతుంది. పోయి చెయ్యి పెట్టి చూసేదాంక పానం నిమ్మలం గాదు. నీ డబ్బా సంగతి నాకు తెల్వదు గని, నేను మాత్రం—"

అంతలో లోపల చాచా పక్కింటాయన అన్నదేదో విని గట్టిగా నవ్వాడు. వాకిట్లోకి వినిపించేంత పెద్దగా, వెనకటి నవ్వే.

ఆమె మాట అక్కడే వదిలేసి, గిన్నె కింద పెట్టి, లేచి లోపలికి వెళ్ళింది.